గుర్రం ఈడ్చుకుపోతోంది, యాప్ తెరుచుకోవడం లేదు: బోర్డు డబ్బులు వెనక్కి వస్తాయా?

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. తెనాలిలో మా మేడ మీద సాయంత్రాలు పన్నెండు మంది పిల్లలకు చెస్ నేర్పుతున్నాను. నెలకు తలా ఐదు వందలు తీసుకుంటాను. పదిహేను నెలల క్రితం ఆన్‌లైన్‌లో రూ. 42,000 పెట్టి, పావులు వాటంతటవే కదిలే ఎలక్ట్రానిక్ బోర్డు కొన్నాను. ప్రపంచంలో ఎక్కడివాళ్ళతోనైనా ఆడొచ్చు, అవతలివాళ్ళు వేసిన ఎత్తు మీ బోర్డు మీదే కదులుతుంది అని ప్రకటనలో ఉంది. తొమ్మిదో నెలలో గుర్రం కదిలేటప్పుడు పక్క పావుల్ని ఈడ్చుకుపోవడం మొదలైంది. మెయిల్ పెడితే వచ్చే అప్‌డేట్‌తో సరైపోతుందన్నారు. అది రాలేదు. పద్నాలుగో నెలలో ఏకంగా యాప్ ఆగిపోయింది. సర్వర్ మూసేశామని, వారంటీ ఏడాదేనని, యాప్ ఉచితంగా ఇచ్చామని, కేసు వేస్తే ఢిల్లీలోనే వేయాలని జవాబిచ్చారు. మెకానిక్ చేత విప్పించనా? మా అల్లుడేమో మానసిక వేదనకు ఐదు లక్షలు అడగమంటున్నాడు.
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, ముందు మెకానిక్ సంగతి. దయచేసి విప్పించకండి. స్క్రూ ఊడిన మరుక్షణం కంపెనీ వకీలు అనే మొదటి మాట ‘వాళ్ళే పాడుచేసుకున్నారు’ అని. వస్తువులో లోపం పరీక్ష లేకుండా తేలదనుకుంటే దాన్ని సీలు వేయించి ల్యాబ్‌కు పంపే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 38 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కే ఉంది. ఆ అవకాశాన్ని మీ చేతులతో మీరే పోగొట్టుకోవద్దు.

మీ ఫిర్యాదులో నిజానికి రెండు సమస్యలు కలిసిపోయాయి. ఒకటి యంత్రానిది, రెండోది యాప్‌ది. విడదీస్తేనే కేసు నిలబడుతుంది.

గుర్రం సంగతి చూద్దాం. ఈ రకం బోర్డుల్లో పైన కనిపించేది చెక్కే. అడుగున నిలువుకు, అడ్డానికి జరిగే ఒక బండి, దాన్ని నడిపే మోటార్లు, బండి మీద ఒక అయస్కాంతం ఉంటాయి. పావు పీట కింద కూడా అయస్కాంతం ఉంటుంది. మిగతా పావులకు దారి ఖాళీగా ఉన్నప్పుడే కదిలే హక్కు ఉంది, గుర్రానికి ఆ నియమం లేదు, దూకుతుంది. యంత్రం దూకలేదు. అందుకని గడుల మధ్య గీతల వెంట, రెండు పావుల నడుమ సందులోంచి గుర్రాన్ని లాక్కుపోవాలి. బండి కొద్దిగా గతి తప్పినా, ఏదో పావు గడి మధ్యలో లేకపోయినా పక్కవాటిని తగులుకుని ఈడుస్తుంది. కాబట్టి ‘గుర్రం దగ్గరే తేడా వస్తోంది’ అన్న మీ మాటకు సాంకేతికంగా అర్థం ఉంది. ఇది మీరు వాడిన తీరు వల్ల వచ్చిందో, తయారీలోనే ఉందో ల్యాబ్ చెప్పాలి. మీకు అంతకంటే పెద్ద బలం ఆ తొమ్మిదో నెల మెయిల్. వారంటీ నడుస్తుండగా మీరు లోపం చెప్పారు. వాళ్ళు కాదనలేదు, సరిచేస్తామన్నారు. అలా మాటిచ్చి, పన్నెండు నెలలు దాటేదాకా ఊరుకుని, ఇప్పుడు వారంటీ అయిపోయిందంటే కమిషన్ ముందు ఆ వాదన నిలవడం కష్టం.

యాప్ విషయంలోనే అసలు పోట్లాట. చట్టంలో ‘లోపం’ అన్న మాటకు నిర్వచనం సెక్షన్ 2(10)లో ఉంది. చట్టం ప్రకారమో ఒప్పందం ప్రకారమో ఉండాల్సిన నాణ్యత లేకపోవడం ఒక్కటే లోపం కాదు, వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణం లేకపోయినా లోపమే. మీకు అమ్మింది చెక్క పలక కాదు, ఊళ్ళు దాటి ఆడే ఆట. పలక ఒక్కటే కావాలనుకుంటే తెనాలి బజార్లో ఎంతకు వస్తుందో మీకు నాకంటే బాగా తెలుసు.

ఇక్కడ ఒక పాత కథ. 1770లో వియన్నాలో కెంపెలెన్ అనే ఆయన మహారాణి మరియా థెరీసా ముందు చదరంగం ఆడే యంత్రాన్ని పెట్టాడు. నిజానికి ఆ పెట్టెలో ఒక మనిషి దాక్కుని ఆడేవాడు. పై పావుల్లో అయస్కాంతాలు ఉండేవి కాబట్టి ఏ పావు కదిలిందో లోపలివాడికి తెలిసేది. ఆ మనిషి బయటికి వచ్చేస్తే మిగిలేది ఒట్టి పెట్టె. మీ బోర్డులో ఆ మనిషి స్థానంలో సర్వర్ ఉంది. అంతే తేడా.

ఇలాంటి బోర్డు సర్వర్ లేకుండా నడవదు, మేమేం చేయగలం అని కంపెనీ అనొచ్చు. ఒప్పుకోకండి. 1983లోనే అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ పావుల్ని తానే కదిపే చదరంగం కంప్యూటర్ని అమ్మింది. దాని తెలివి పెట్టెలోనే ఉంది, ఫోన్‌తో పనిలేదు. దూరంగా ఉన్న మనిషితో ఆడాలంటే నెట్ కావాలి, నిజమే. కానీ బోర్డు కనీసం తనతో తాను ఆడుకోవడానికి కూడా కంపెనీ సర్వర్ అనుమతి అడిగేలా తయారుచేయడం కంపెనీ ఎంపిక. ఆ సంగతి కొనేముందు పేజీలో స్పష్టంగా చెప్పారా అన్నదే ప్రశ్న. చెప్పకపోతే సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి అని కూడా కలపండి.

యాప్ ఉచితం అన్న మాట ఊరికే అనలేదు వాళ్ళు. ఉచితంగా చేసే సేవలు చట్టంలోని ‘సేవ’ కిందికి రావు, అందుకని ముందే ఆ తలుపు మూస్తున్నారు. మీరు ఇచ్చిన 42,000లో యాప్ ఖరీదు కూడా ఉందని, అది లేనిదే బోర్డు పనికిరాదని రాయండి. ‘ఎప్పుడైనా సేవ ఆపేస్తాం’ అన్న నిబంధన యాప్‌లో ఉంటుంది, ఉండి తీరుతుంది. సరైన కారణం లేకుండా ఒక పక్షమే రద్దు చేసుకునే ఒప్పందం అన్యాయమైనదని సెక్షన్ 2(46) అంటోంది. అయితే అన్యాయమైన ఒప్పందమని ప్రకటించమంటే రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి, చట్టం ఆ అధికారాన్ని జిల్లా స్థాయికి ఇవ్వలేదు. ఇంత చిన్న మొత్తానికి ఆ దారి వద్దు. లోపం, అనుచిత వ్యాపారం, ఈ రెండింటి మీదే నిలబడండి. ‘ప్రోడక్ట్ లయబిలిటీ’ అనే కొత్త అధ్యాయం కూడా చట్టంలో ఉంది గానీ అది వస్తువు వల్ల మనిషికో, ఇతర ఆస్తికో హాని జరిగినప్పటి మాట. వస్తువే పాడైతే వర్తించదు.

ఢిల్లీ భయం వదిలేయండి. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చని సెక్షన్ 34 చెబుతోంది, అంటే మీకు గుంటూరు. వస్తువుకు మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే. 5 లక్షల లోపు ఫీజు కూడా లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఇది రాస్తున్నవాడు లాయరే, అయినా చెబుతున్నాను.

మీకు నిజంగా ఇబ్బంది రాగల చోటు వేరే ఉంది. ‘ఆయన ఫీజులు తీసుకుని కోచింగ్ నడుపుతున్నారు, వాణిజ్య అవసరానికి కొన్నారు, వినియోగదారు కాదు’ అని వాదిస్తారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకుంటే అది వాణిజ్యం కాదని చట్టమే వివరణ ఇచ్చింది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విప్పి చెప్పింది. మీకు పెన్షన్ ఉంది కాబట్టి బతుకుతెరువు మాట మీద ప్రశ్న వేస్తారు. అందుకని పాఠం చెప్పేది మీరొక్కరేనని, జీతగాళ్ళు లేరని, రాత్రిళ్ళు ఆన్‌లైన్‌లో మీరూ ఆడుకునేవారని (ఆడేవారనే అనుకుంటున్నాను) అఫిడవిట్‌లో ఉన్నదున్నట్టు రాయండి. మన గ్రాండ్‌మాస్టర్లు కోనేరు హంపి, ఎరిగైసి అర్జున్‌ల పుణ్యమా అని చెస్ నేర్పించమనే తల్లిదండ్రులు పెరిగారు, ఇంటి మేడ మీద పాఠాలూ పెరిగాయి. ఈ వాదన ఇక ముందు తరచుగా వినబడుతుంది.

ఎవరిని పార్టీలుగా పెట్టాలంటే, బిల్లు మీద పేరున్న అమ్మకందారు, బ్రాండు కంపెనీ, అమ్మిన వెబ్‌సైటు, ముగ్గురినీ. వెబ్‌సైటు తాను మధ్యవర్తినేనంటుంది, అననివ్వండి. దిగుమతి సరుకైతే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. పెట్టె ఇంకా అటక మీదే ఉంటే ఫొటో తీయండి. ముందుగా వెబ్‌సైటు గ్రీవెన్స్ ఆఫీసరుకు, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి, రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కూడా నమోదు చేయించండి. తేలకపోతే వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. కేసు వేయడానికి గడువు, దానికి కారణం పుట్టినప్పటి నుంచి రెండేళ్ళు. ఏ తేదీ నుంచి లెక్క అన్న తగాదా మనకెందుకు? కొన్న రోజు నుంచే లెక్కేసుకోండి, ఇంకా తొమ్మిది నెలలుంది. కేసు మూడు నెలల్లో, పరీక్ష కావాలంటే ఐదు నెలల్లో తేలాలని చట్టం. ఆచరణలో అంతకంటే పడుతుంది, టెన్షన్ పడొద్దు.

అల్లుడిగారి ఐదు లక్షలు వద్దు. అడిగినంత మాత్రాన కేసు కొట్టేయరు గానీ 42,000 వస్తువుకు అంత రాస్తే మిగతా మాటల బరువు తగ్గుతుంది. యాప్ పునరుద్ధరించాలి లేదా సర్వర్ లేకుండా నడిచే సాఫ్ట్‌వేర్ ఇవ్వాలి, గుర్రం లోపం సరిచేయాలి, లేదంటే డబ్బు వడ్డీతో తిరిగివ్వాలి అని అడగండి. పైన పరిహారం, ఖర్చులు కలిపి ఒక ముప్పై వేలు చాలు. పద్నాలుగు నెలలు వాడారు కనుక కొంత కోత పెట్టే అవకాశం ఉంది, దానికి సిద్ధంగా ఉండండి.

ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. ఆ ప్రకటన పేజీ ఇంకా నెట్‌లో ఉంటే తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో జతచేయండి. పాత వీడియోల్లో గుర్రం బి1 నుంచి సి3కి పోతూ బంట్లను ఈడుస్తున్నది ఏదైనా ఉందేమో పిల్లల ఫోన్లలో వెతికించండి. వాళ్ళు తప్పకుండా తీసే ఉంటారు.