భార్య ఫుల్ మారథాన్‌కి ట్రైనింగ్ అవుతుంటే ఇంట్లోవాళ్ళం ఏం చెయ్యాలి? మా ఇంట్లో జరిగింది చెప్తా

మీ ప్రశ్న చదవగానే 2023 ఎండాకాలం మొత్తం గుర్తొచ్చిందండి. మీ ఆవిడ ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్‌కి, అంటే 42.2 కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చింది, ఏడేళ్ళ పాప ఉంది, అమ్మానాన్న మీతోనే ఉంటారు, ఆదివారం వస్తే చాలు ఇంట్లో ఏదో ఒక మాట పట్టింపు, తనకి ఎలా తోడుండాలో అర్థం కావట్లేదు అని రాశారు. పాప బదులు బాబు, మిగతాదంతా అచ్చం మా ఇల్లే. మా ఆవిడ అంతకుముందు రెండు హాఫ్‌లు చేసింది కాబట్టి ఫుల్ అంటే దానికి డబుల్ అంతే కదా అనుకున్నా నేను, కానీ ఇంటి లెక్కలో అది డబుల్ కాదండి, పూర్తిగా వేరే సంగతి.

ముందు టైమ్ ఎంత పోతుందో లెక్క చూసుకోండి, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. మా ఆవిడది 18 వారాల ప్లాన్, ఏప్రిల్ నాలుగో వారంలో మొదలైంది, వారానికి నాలుగు రోజులు పరుగు, ఒకరోజు కండరాల బలానికి వ్యాయామం. వారం మధ్యలో గంట, గంటన్నర అంటే ఎలాగోలా సర్దుకుపోతుంది, అసలు కష్టం ఆదివారం లాంగ్ రన్‌తోనే, అంటే ఆ వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు. మొదట్లో 14, 16 కిలోమీటర్లు, తర్వాత 22, 26, 28, రేస్‌కి మూడు వారాల ముందు 32. తను కిలోమీటర్‌కి దాదాపు 8 నిమిషాలు తీసుకుంటుంది, అంటే 32కి నాలుగుంపావు గంటలు. హైదరాబాద్‌లో మే నెలలో ఏడు దాటితే పరిగెత్తలేం కాబట్టి నాలుగింటికే బయల్దేరాలి, మూడింటికి లేవాలి, అందుకు శనివారం రాత్రి ఎనిమిదిన్నరకల్లా పడుకోవాలి. తిరిగొచ్చాక స్ట్రెచింగ్, స్నానం, తిండి, రెండు గంటల నిద్ర. లేచేసరికి మధ్యాహ్నం అవుతుంది. కాబట్టి పోయేది నాలుగు గంటలు కాదు, శనివారం సాయంత్రం నుంచి ఆదివారం లంచ్ దాకా మొత్తం. ఈ మాట మొదట్లోనే ఇంట్లో అందరితో కూర్చుని చెప్పుకోండి. మేం చెప్పుకోలేదు, అందుకే మొదటి రెండు నెలలు ప్రతి ఆదివారం ఇదేదో కొత్తగా వచ్చిపడిన కష్టంలా అనిపించేది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే మీరడిగినదానికి అసలు జవాబు అందులోనే ఉంది.

నేను చాలా సపోర్ట్ చేస్తున్నాననే అనుకునేవాణ్ణి. బూట్లు కొనిపెట్టా, ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పుకున్నా, చీకట్లో కుక్కల భయం అని మొదటి గంట తన వెనకాలే స్కూటీ మీద వెళ్ళేవాణ్ణి. జూలై మొదట్లో తనకి 28 కిలోమీటర్లు ఉన్న ఆదివారం, బాబుకి శనివారం రాత్రి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. నేను చూసుకుంటాలే నువ్వెళ్ళు అన్నా, రన్నింగ్ ఫ్రెండ్స్‌తో కలిసి వెళ్ళింది. ఆరున్నరకి వాడు లేచి అమ్మ కావాలని ఏడుపు, థర్మామీటర్ పెడితే 100.8. నేను ఫోన్ చేశా, సిరప్ ఎక్కడుంది అని. పది నిమిషాలాగి మళ్ళీ చేశా, ఎన్ని ఎమ్మెల్ పొయ్యాలి అని. మూడోసారి చేసి వాడు ఏడుపు ఆపట్లేదు అన్నా. వచ్చెయ్ అని నేను అనలేదు, కానీ వచ్చెయ్ అన్నట్టే కదా అది. 19 కిలోమీటర్ల దగ్గర ఆపేసి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి ఆటోలో వచ్చింది. తనొచ్చేసరికి వాడికి సిరప్ పని చేసి కార్టూన్ చూస్తూ ఇడ్లీ తింటున్నాడు. తనేమీ అనలేదు. బూట్లు కూడా విప్పకుండా డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీలో అలా కూర్చుండిపోయింది, కళ్ళల్లో నీళ్ళు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

ఆ రోజు రాత్రి మాట్లాడుకున్నప్పుడు తను ఒక మాటంది. "నువ్వు హెల్ప్ చేస్తున్నావు, కానీ తల మాత్రం నాదే పని చేస్తోంది" అని. నిజంగానే అంతే కదా. కూరగాయలు నేనే తెచ్చేవాణ్ణి, కానీ ఏం తేవాలో తను చెప్పాలి. బాబుని స్కూల్‌కి నేనే రెడీ చేసేవాణ్ణి, కానీ ఏ రోజు ఏ యూనిఫామో తను గుర్తుంచుకోవాలి. 20 కిలోమీటర్ల దగ్గర కాళ్ళు లాగేస్తుంటే కూడా ఇంటికెళ్ళి మినపప్పు నానబెట్టాలి అనే ఆలోచన తన బుర్రలోనే తిరుగుతుంటే ఇంక మనం ఇచ్చిన సపోర్ట్ ఏముందండి?

అందుకని మేం పనులు పంచుకోవడం మానేసి మొత్తం మొత్తంగా మార్చేసుకున్నాం. శనివారం సాయంత్రం ఆరు నుంచి ఆదివారం సాయంత్రం దాకా ఇల్లు నాది. ఏం వండాలి, బాబు హోంవర్క్, ఎవరైనా చుట్టాలొస్తే మర్యాద, పనమ్మాయి రాకపోతే అంట్లు, అన్నీ నేనే, తనని అడగకూడదు. మందులన్నీ ఒక డబ్బాలో పెట్టి, బాబు బరువుకి ఏది ఎంత పొయ్యాలో డాక్టర్‌ని అడిగి మూత మీద నేనే రాసి అతికించా. ఫోన్ విషయంలో ఒక రూల్ పెట్టుకున్నాం, హాస్పిటల్‌కి వెళ్ళాల్సి వస్తేనే చెయ్యాలి, లేకపోతే చెయ్యకూడదు. మొదటి రెండు వారాలు నేను చేసిన ఉప్మా ఎవరూ సరిగ్గా తినలేదు, తను మాత్రం ఒక్క మాట అనలేదు, అలా అనకపోవడం కూడా తన వైపు నుంచి పెద్ద సాయమే.

మీ అమ్మగారిని ఎలా ఒప్పించాలని కూడా అడిగారు కదా. మా అమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు, ఆడపిల్ల తెల్లారకుండా ఒంటరిగా రోడ్ల మీద పరిగెత్తడమేంటి, పిల్లాణ్ణి వదిలేసి అనేది. నేను మొదట్లో వాదించేవాణ్ణి, ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథాన్ పెట్టిందే 1984లోనమ్మా, అప్పటిదాకా లోకమంతా నీలాగే అనుకుంది అని లెక్చర్లు ఇచ్చేవాణ్ణి, ఏం ఉపయోగం లేకపోయింది. అమ్మ మారింది చూసి, విని కాదు. జూలై చివర్లో వానలకి స్కూళ్ళకి సెలవులిచ్చేశారు గుర్తుందా, రోడ్ల మీద నీళ్ళు, బయటికెళ్ళే వీల్లేదు. మా ఆవిడ మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పరిగెత్తింది. రౌండుకి 110 మీటర్లు, 8 కిలోమీటర్లంటే 73 రౌండ్లు. బాబు చాక్‌పీస్ పట్టుకుని పిల్లర్ మీద ఐదేసి గీతలు గీస్తూ లెక్కపెట్టాడు, అమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని పక్కన కూర్చుంది. మొత్తం గంటకి పైనే చూసింది. ఆ సాయంత్రం ఎవరూ అడక్కుండానే మా ఆవిడ కాళ్ళకి నువ్వుల నూనె వేడి చేసి తెచ్చింది. కాబట్టి మీరూ వాదించకండి, ఒక్కసారి తీసుకెళ్ళి చూపించండి, పెద్దవాళ్ళకి ఏదో ఒక చిన్న పని అప్పజెప్పండి, లెక్కపెట్టడమైనా సరే.

ఆ ఏడాది ఇంకో చిక్కు వచ్చింది. అధిక శ్రావణం వల్ల పండగలన్నీ ఆలస్యమై వరలక్ష్మీ వ్రతం సరిగ్గా ఆగస్టు 25 శుక్రవారం పడింది, రేస్ 27 ఆదివారం. రేస్‌కి ముందు రెండు మూడు రోజులు అన్నం లాంటివి బాగా తిని కండరాల్లో శక్తి నింపుకోవాలి, అప్పుడు ఉపవాసం ఉంటే మొత్తం కష్టం నీళ్ళపాలే. ఈ మాట అమ్మతో ఎలా చెప్పాలా అని మేమిద్దరం వారం రోజులు నలిగిపోయాం. చివరికి అమ్మే అంది, ఉపవాసం నేనుంటాను, నువ్వు పూజలో కూర్చుని తిను, అమ్మవారు ఏమీ అనుకోదు అని. పులిహోర, చక్కెర పొంగలి, దద్దోజనం, ఇంతకంటే మంచి కార్బ్ లోడింగ్ ఏ డైటీషియన్ చెప్తారండి! శనగలు, నెయ్యి బూరెలు మాత్రం తను ముట్టుకోలేదు, పీచూ నూనే ఎక్కువైతే రేస్‌లో కడుపు పట్టేస్తుంది. అమ్మ కట్టిన తొమ్మిది ముళ్ళ తోరం తియ్యకుండానే పరిగెత్తింది.

తిండి సంగతి వచ్చింది కాబట్టి మాకు పనికొచ్చినవి చెప్తా. లాంగ్ రన్‌కి ముందు తర్వాత బరువు చూడండి, లీటరు చెమటంటే కిలో తగ్గినట్టు లెక్క, మా ఆవిడకి మేలో రెండు గంటల్లో కిలోన్నర తగ్గేది, దాన్నిబట్టి దారిలో ఎంత తాగాలో అర్థమైంది. ఉత్త నీళ్ళే బలవంతంగా తాగించకండి, రక్తంలో సోడియం పడిపోతే అది చాలా ప్రమాదం. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేదా ఉప్పేసిన పల్చటి మజ్జిగ మంచిది. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కాబట్టి అదొక్కటే సరిపోదు. గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ పడాలంటారు, రన్నర్లు దారిలో తినే ఎనర్జీ జెల్ పడకపోతే అరటిపండు, ఖర్జూరం, బెల్లం చిక్కీతో లాగొచ్చు, ఏదైనా సరే ట్రైనింగ్‌లో ట్రై చెయ్యనిది రేస్‌లో తినకూడదు.

ఇది మాత్రం అస్సలు మర్చిపోవద్దు, మీ ఆవిడకి హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) టెస్టులు ఇప్పుడే చేయించండి. మా ఆవిడ మే చివర్లో మెట్లెక్కినా ఆయాసపడేది, ఎండల వల్లే అనుకుని మూడు వారాలు వదిలేశాం, చూపిస్తే హీమోగ్లోబిన్ 10.4, ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి. డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారు, టీకీ మాత్రకీ మధ్య గ్యాప్ ఉంచి నిమ్మరసంతో వేసుకోమన్నారు. పొద్దున్నే టీ పెట్టి అందించడం నా పని కాబట్టి ఆ గ్యాప్ చూసుకునే బాధ్యత కూడా నేనే తీసుకున్నా. పీరియడ్స్ ఆగిపోయినా లేటవుతున్నా తిండి సరిపోవట్లేదని అర్థం కావచ్చు, గైనకాలజిస్ట్‌కి చూపించాల్సిందే. ఇంట్లో మనుషులం మనకే ముందు తెలుస్తాయి ఇవన్నీ, చిరాకు పడుతోంది, నిద్ర పట్టట్లేదు, అన్నం వదిలేస్తోంది అని. "అవసరమా నీకిది" అనకుండా "ఈ వారం తగ్గిద్దామా" అని అడగండి. ఈ రెండు మాటలకీ చాలా తేడా ఉందండి.

రేస్ రోజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రేస్ మొదలయ్యే పీపుల్స్ ప్లాజా దగ్గర తనని చీకట్లోనే దింపేసి, ట్రాఫిక్ మళ్ళిస్తారు కాబట్టి నేను ముందే లోపలి రోడ్లు పట్టుకుని బాబుని అమ్మని తీసుకుని దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటాక ఒకచోట నిలబడ్డా. ఎక్కడుంటామో ముందే చెప్పండి, రోడ్డుకి ఏ వైపో కూడా చెప్పండి, అక్కడికి రాగానే మీరు కనపడతారనే ఆశతోనే కొన్ని కిలోమీటర్లు లాగుతారు. ఈ రూట్లో ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు ఎక్కువ, ఆగస్టు ఉక్కపోత సరేసరి. తనొచ్చేసరికి ముఖం మీద ఉప్పు చారలు కట్టి ఉంది, బాబుని చూసి ఆగలేదు, చెయ్యి తాకించి వెళ్ళిపోయింది, వాడు తన పక్కనే ఒక వంద మీటర్లు పరిగెత్తాడు. గచ్చిబౌలి స్టేడియంలో 5 గంటల 38 నిమిషాలకి ఫినిష్ చేసింది. టైమ్ ఎంతని అమ్మ అడగలేదు, తోరం ఉందా అని అడిగింది. ఉంది, తడిసి రంగు కారిపోయి ఉంది.

తర్వాత పదిరోజులు కూడా లెక్కలో పెట్టుకోండి. మెట్లు దిగలేరు, అది రెండు మూడు రోజుల్లో పోతుంది, కానీ నాలుగు నెలల లక్ష్యం అయిపోయాక ఒక రకమైన దిగులొస్తుంది, మా ఆవిడకి వచ్చింది, ఊరికే కళ్ళు తుడుచుకునేది. నేను వెంటనే "ఇంకేం, అయిపోయిందిగా, ఇంక పాత టైమింగ్స్‌కి వచ్చేద్దాం" అనేశా, అది అనకుండా ఉండాల్సింది. ఆదివారం ఇల్లు నాదే అన్న ఒప్పందం రేస్ అయ్యాక కూడా అలాగే ఉంచమని తనే అడిగింది, ఉంచాం, ఇప్పటికీ అంతే.

ఈసారి జనవరిలో ముంబైకి పేరిచ్చింది. రేపు 24 కిలోమీటర్లుంది, మజ్జిగ సీసాలు ఫ్రిజ్‌లో పెట్టా, ఇడ్లీ పిండి పులిసింది, బాబు షూ కూడా తుడుచుకుని గుమ్మం దగ్గర పెట్టుకున్నాడు, మొదటి రెండు కిలోమీటర్లు అమ్మతో వాడు కూడా వస్తాడట. మూడింటికి లేవాలి, ఇంక పడుకుంటా. మీ ఆవిడ ప్లాన్ ఎన్ని వారాలది, లాంగ్ రన్ ఏ వైపు చేస్తున్నారు అనేది రాయండి, కొత్తగూడ, కొండాపూర్ వైపైతే చీకట్లో లైట్లుండే రోడ్లేవో, కుక్కలెక్కడ ఎక్కువో నాకు బాగా తెలుసు, చెప్తాను.