మనష్షే మీద వాక్యం చెప్పే ముందు

తమ్ముడూ,

ప్రభువు నామంలో వందనాలు. శ్రమల దినాల కూడికలో యూదా రాజు మనష్షే గురించి చెప్పమన్నారని రాశావు. 40 నిమిషాలు చాలు. కాకపోతే 2 దినవృత్తాంతములు 33 ఒక్కటే పట్టుకుని వెళ్లకు. ముందు 2 రాజులు 21లో 1 నుంచి 18 వచనాలు చదువు. ఒక కాగితం మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమ పక్క రాజుల గ్రంథంలో ఉన్నవి, కుడి పక్క దినవృత్తాంతాల్లో ఉన్నవి రాసుకో.

12 ఏళ్లకే సింహాసనం, 55 ఏళ్ల పాలన, తండ్రి హిజ్కియా పడగొట్టిన ఉన్నత స్థలాలను (గుట్టల మీది పూజాస్థలాలను) మళ్లీ కట్టించడం, మందిరపు రెండు ఆవరణాల్లో నక్షత్రాలకు బలిపీఠాలు, కన్నబిడ్డను అగ్నిలో దాటించడం. ఇంతవరకు రెండు పక్కలా దాదాపు ఒకటే వస్తుంది. తర్వాత చూడు. యెరూషలేమును ఈ కొస నుంచి ఆ కొస దాకా నిరపరాధుల రక్తంతో నింపాడన్న మాట ఎడమ పక్కే ఉంటుంది. చెరలో పశ్చాత్తాపపడ్డాడన్నది కుడి పక్కే ఉంటుంది. కాగితం మీద కనబడే ఆ రెండు ఖాళీల మధ్యే నువ్వు చెప్పాల్సిన వాక్యం ఉంది.

రాజుల గ్రంథం యూదా ఎందుకు కూలిపోయిందో చెబుతోంది. దినవృత్తాంతాలు చెర నుంచి తిరిగి వచ్చినవాళ్లకు, మళ్లీ మొదలుపెట్టడానికి దారి ఉందని చెబుతున్నాయి. బబులోనుకు వెళ్లి తిరిగొచ్చిన రాజులో వాళ్లు తమను తాము చూసుకుని ఉంటారు. ఒక గ్రంథాన్ని నిలబెట్టడం కోసం రెండోదాన్ని నొక్కేయకు.

ఎక్కువసేపు 2 దినవృత్తాంతములు 33లో 11 నుంచి 16 వచనాల దగ్గర ఆగు. 11లో అష్షూరు సైన్యం మనష్షేను కట్టి బబులోనుకు తీసుకెళ్లిందని చదువుతాం. హెబ్రీలో అక్కడ కొక్కేలను సూచించే మాట ఉంది. నేటి టర్కీలోని జింజిర్లీలో దొరికిన, అష్షూరు రాజు ఏసర్హద్దోను శిలాఫలకం మీద బందీల పెదవులకు కడియాలు గుచ్చి, వాటికి కట్టిన తాళ్లు రాజు చేతిలో ఉన్నట్టు చెక్కారు. ఆ బొమ్మ ఒక్కటి వివరిస్తే చాలు, చెర అంటే ఏమిటో అందరికీ అర్థమవుతుంది. అష్షూరు సైన్యం బబులోనుకెందుకు తీసుకెళ్లిందని ఎవరైనా అడుగుతారు. ఆ రోజుల్లో బబులోను అష్షూరు ఏలుబడిలోనే ఉండేది. ఏసర్హద్దోను శాసనంలో, నీనెవె భవనానికి సామగ్రి మోయించిన రాజుల జాబితాలో మనష్షే పేరుంది. అతని చెర సంగతి మాత్రం ఆ శాసనాల్లో లేదు. కాబట్టి తవ్వకాల్లో రుజువైందని అనకు.

12లో "తగ్గించుకొని" అన్న మాట కింద గీత గీసుకో. సొలొమోనుకు దేవుడిచ్చిన మాట, 2 దినవృత్తాంతములు 7:14, పక్కన పెట్టుకుని చదువు. తగ్గించుకోవడం, ప్రార్థించడం, ఆయన ముఖాన్ని వెదకడం, చెడు మార్గం విడవడం. మనష్షే యెహోవాను బతిమాలుకున్నాడన్న చోట కూడా హెబ్రీలో "ముఖం" అన్న మాటే ఉంది. నాలుగోది 15, 16ల్లో చేతల్లో కనిపిస్తుంది. మందిరంలో తానే పెట్టిన విగ్రహాన్ని తీయించాడు, యెహోవా బలిపీఠాన్ని బాగుచేయించాడు. చాలామంది, దేవుడు అతని ప్రార్థన విన్నాడన్న 13 దగ్గరే ఆపేస్తారు. అక్కడ ఆపితే పశ్చాత్తాపం కన్నీళ్లతోనే అయిపోయినట్టు వినిపిస్తుంది.

ఇశ్రాయేలు రాజు అహాబుకు అయిదు నిమిషాలు చాలు. 1 రాజులు 21:29లో అతనికీ ఈ "తగ్గించుకోవడం" అన్న మాటే వాడారు. గోనెపట్ట కట్టుకున్నాడు, ఉపవాసమున్నాడు. నాబోతు హత్య తర్వాత తీసుకున్న ద్రాక్షతోట తిరిగి ఇచ్చాడని మాత్రం ఎక్కడా లేదు. శిక్ష కొడుకు కాలానికి వాయిదా పడింది, అంతే. ఆ కొడుకు యెహోరాము శవాన్ని, అతన్ని చంపి రాజైన యెహూ ఆ నాబోతు పొలంలోనే వేయించాడు.

రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ప్రవక్త యెషయాను రంపంతో కోయించింది మనష్షే అన్నది యూదుల సంప్రదాయం, హెబ్రీ లేఖనాల్లో లేదు. చెబితే సంప్రదాయమనే చెప్పు. మనష్షే ప్రార్థన అని 15 వచనాల ప్రార్థన ఒకటి ఉంది, మన తెలుగు బైబిల్లో ఉండదు. అది తర్వాతి కాలపు రచన. రాజు నోటి మాటగా చదవకు.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన చోటు. "ఎంత చేసినా చివర్లో ఒక ప్రార్థన చాలు" అన్న మాట నీ నోట రానివ్వకు. మనష్షే దిద్దుకున్నా జనం ఉన్నత స్థలాలు వదలలేదు. 22 ఏళ్లకు రాజైన అతని కొడుకు ఆమోను, తండ్రి చేయించిన విగ్రహాలకే బలులు అర్పించాడు. ఆమోను కొడుకు యోషీయా అంత సంస్కరణ చేసినా, 2 రాజులు 24:4లో ఆ నిరపరాధుల రక్తాన్ని క్షమించడానికి యెహోవాకు మనసు రాలేదు. అన్యాయంగా తమవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు నీ ఎదుట కూర్చుని ఉండొచ్చు. హంతకుడికి క్షమాపణ అన్న మాట ఒక్కటే విని వాళ్లు ఇంటికి వెళ్లకూడదు. అలాగని మనష్షే మీద తలుపు మూసేయకు. యూదు బోధకుల పాత ధర్మబోధల గ్రంథం మిష్నాలో ఇశ్రాయేలు రాజులపై తీర్పు చెబుతూ, రాబోయే లోకంలో మనష్షేకు భాగం లేదన్నారు. ఆ బోధకుల్లో ఒకడైన రబ్బీ యెహూదా ఒప్పుకోలేదు. దేవుడు అతని ప్రార్థన విని యెరూషలేముకు తిరిగి రప్పించాడన్న 13వ వచనాన్నే చూపించాడు.

సమయం ఇలా పెట్టుకో. వాక్యపఠనం 5, అతని పాపాలు 5, 11 నుంచి 16 వచనాలకు 15, అహాబు 5, మిగిలిన 10 ఆమోనుకు, 24:4కు. 24:4 చదివాక వెంటనే పాట ఎత్తుకోనివ్వకు. రెండు నిమిషాలు అందరినీ మౌనంగా ఉండనివ్వు. పాటలు పాడే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచు.

నీ అన్నయ్య