సమాధానం: మోడల్‌లో పావు సెకను, కొలిస్తే రెండు సెకన్లు ఎందుకు?

తమ్ముడూ, ఒంగోలు దగ్గర రొయ్యల ప్లాంటు సర్వర్ మీద నీ ఎం.టెక్ ప్రాజెక్టు సంగతి చదివాను. సర్వీస్ టైమ్ (ఒక్కో రిక్వెస్టు మీద సర్వర్ పనిచేసే సమయం) 0.2 సెకను, రోజు సగటున సెకనుకు ఒక రిక్వెస్టు. ఎం/ఎం/1 (ఒకే సర్వర్ ముందు క్యూ కట్టే మోడల్) లెక్కలో రెస్పాన్స్ టైమ్, అంటే క్యూలో ఆగడంతో కలిపి మొత్తం సమయం, 0.25 సెకను వస్తోంది, సాయంత్రం కొలిస్తే మాత్రం రెండు సెకన్లు. నీ ఫార్ములాలో తప్పేం లేదు. తప్పల్లా 24 గంటల సగటు తీసుకోవడంలోనే ఉంది. చెరువుల మీద నుంచి లారీలన్నీ ఒక్కసారి దిగి, కాటా దగ్గర ఎంట్రీలు కొడుతుంటే అర్ధరాత్రి ఖాళీ సర్వర్‌ని కలిపి సగటు కడతావా? నేనూ ఇదే చేసి గైడ్ దగ్గర చీవాట్లు తిన్నాలే.

లాగ్‌లో ఆ రద్దీ గంట ఒక్కటే విడిగా తియ్యి. నువ్వు పెట్టిన గ్రాఫ్‌లో అప్పుడు సెకనుకు 4.5 ఉంది. దాన్ని 0.2తో గుణిస్తే 0.9, అంటే సర్వర్ 90 శాతం బిజీ, 0.1 వంతే ఖాళీ. ఎం/ఎం/1లో రెస్పాన్స్ టైమ్ అంటే సర్వీస్ టైమ్‌ని ఆ ఖాళీ వంతుతో భాగించడమే. 0.2ని 0.1తో భాగించు, సరిగ్గా రెండు సెకన్లు!

ఇంకా అనుమానముంటే లిటిల్ సూత్రంతో సరిచూడు (జాన్ లిటిల్ 1961లో నిరూపించింది; సిస్టమ్‌లో ఉండే సగటు రిక్వెస్టులు = సెకనుకు వచ్చేవి ఇంటూ ఒక్కోటి ఉండే సమయం): 4.5 ఇంటూ 2, సిస్టమ్‌లో సగటున 9 రిక్వెస్టులు ఉండాలి. లాగ్‌లో అంతకు బాగా తక్కువ కనిపిస్తే టైమ్ కొలిచే చోట ఏదో తేడా ఉన్నట్టు.

ఒక్క మాట. కాటా ఆపరేటర్లు పది పన్నెండు మందే అయితే, స్క్రీన్ తిరుగుతున్నంతసేపు వాళ్లు కొత్త ఎంట్రీ కొట్టరు. అప్పుడు ఎం/ఎం/1 రెస్పాన్స్ టైమ్‌ని ఎక్కువ చేసి చూపిస్తుంది. క్లోజ్డ్ మోడల్ (వాడేవాళ్ల సంఖ్య ఇంతేనని కట్టేసిన మోడల్) పెట్టి, దాని సగటులు లెక్కగట్టే మీన్ వాల్యూ అనాలిసిస్ చెయ్యి.