ఘాట్ రోడ్డుకూ తోట బాటకూ ఏ టైర్లు?

ప్రశ్న: అనంతగిరి మండలంలో మాకు కాఫీ తోట ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లో వారానికోసారి శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కి, చివర మూడు కిలోమీటర్లు మట్టిబాటలో వెళ్లాలి. 245/70 ఆర్16 టైర్లు అరిగిపోయాయి. వాటి బదులు 265/70 ఆర్16 కొలతలో మడ్ టెరైన్ టైర్లు (బురద నేల కోసం చేసినవి) వేయించమని షాపులో చెబుతున్నారు. తారుకూ మట్టికీ రెంటికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు సరిపోవా?
ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: సరిపోతాయి. మీకు అవే తగినవి, అదీ ఇప్పుడున్న కొలతలోనే. మీ దారిలో బురద ఉండేది చివరి మూడు కిలోమీటర్లే. మిగిలినదంతా తారురోడ్డు, అందులోనూ వానాకాలంలో మలుపు మలుపుకూ బ్రేకు తొక్కాల్సిన ఘాట్. మడ్ టెరైన్ టైరు మీది రబ్బరు దిమ్మలు పెద్దవిగా, దూరం దూరంగా ఉంటాయి కాబట్టి బురదను విదిల్చుకోగలవు గానీ, తడి తారును పట్టుకునే రబ్బరు తగ్గి, బ్రేకు వేశాక బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. తోటకు చేరడం ఎంత ముఖ్యమో, తిరుగు ప్రయాణంలో వానలో ఘాట్ దిగడం అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

ఆల్ టెరైన్ టైర్లన్నీ ఒకే రకం కావు. షాపులో దిమ్మల మీద వేలితో తడిమి చూడండి: అంచు దిమ్మలతో పాటు మధ్య దిమ్మల మీద కూడా కత్తితో గీసినట్టు సన్నని చీలికలు ఉండాలి. తడి రోడ్డు మీద నీటి పొరను తెంచి పట్టునిచ్చేవి అవే.

ఇక కొలత సంగతి. 245/70 ఆర్16 వ్యాసం సుమారు 749 మిల్లీమీటర్లు, 265/70 ఆర్16ది 777. దీనివల్ల బండి లేచేది 14 మిల్లీమీటర్లే. స్పీడోమీటరు 80 చూపుతున్నప్పుడు అసలు వేగం దాదాపు 83 ఉంటుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు దాని చుట్టూ ఉన్న బండి భాగాలకు రాసుకునే ప్రమాదమూ ఉంటుంది.

కాఫీ బస్తాలు దింపే బండి కనుక లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోయగలదో తెలిపే అంకె, పాత టైరుకన్నా తగ్గకూడదు. 111 అని ఉంటే ఒక్కో టైరు 1090 కిలోలు మోయగలదు. టైరు మీది తయారీ తేదీ అంకెలు కూడా చదవండి: 2325 అంటే 2025లో 23వ వారం. నాలుగూ ఒకేసారి మార్చండి, ఎందుకంటే ఫోర్ వీల్ డ్రైవ్‌లో టైర్ల వ్యాసాలు తేడాగా ఉంటే ఆ ఒత్తిడి గేర్ల మీద పడుతుంది.

బురదలో టైరు రకం ఎంత పనిచేస్తుందో గాలి కూడా అంతే పనిచేస్తుంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు మట్టిబాట మొదట్లో ఆగి 22 పీఎస్‌ఐ వరకు తగ్గించి నెమ్మదిగా వెళితే, టైరు పరుచుకుని నేలను పట్టుకుంటుంది. బరువు ఎక్కించే ముందూ, మళ్లీ తారు ఎక్కే ముందూ తలుపు దగ్గరి స్టిక్కరులో ఉన్నంత గాలి తప్పనిసరిగా నింపాలి. అందుకు 12 వోల్టుల చిన్న కంప్రెసర్ బండిలో ఉంచుకోండి.