డబ్బాలో పోగైన చిల్లరను చేతికొచ్చే డబ్బుగా మార్చుకోవడం ఎలా

మీరు అడిగింది ఇదీ: ఏళ్ల తరబడి డబ్బాలో వేసిన చిల్లర ఆరు కిలోల దాకా పోగైంది, కిరాణా కొట్టులో పది రూపాయల బిళ్లలు వద్దన్నారు, బ్యాంకుకు మోసుకెళ్తే ఇప్పుడు లెక్కపెట్టే తీరిక లేదన్నారు, ఇక దీన్నెలా మార్చుకోవాలి అని.

చెల్లుబాటులో ఉన్న ప్రతి బిళ్లా మారుతుంది. కాకపోతే డబ్బా డబ్బాగా ఎత్తుకెళ్తే ఎవరూ తీసుకోరు. ఏది కొట్టుకి పోవాలి, ఏది బ్యాంకుకి పోవాలి, ఏది రెండింటికీ పనికిరాదు అన్నది ఇంట్లోనే తేల్చుకోవాలి. పనిలో ముప్పాతిక వంతు అదే.

ముందు యంత్రాల సంగతి, ఎందుకంటే చాలామంది వాటికోసం వెతుకుతూ రోజులు పోగొట్టుకుంటారు. అమెరికాలో సూపర్‌మార్కెట్లలో ఉండే కాయిన్‌స్టార్ లాంటిది, అంటే చిల్లర పోస్తే లెక్కపెట్టి రసీదు ఇచ్చేది, మన బ్యాంకుల్లో ఉండదు. ఏటీఎం పక్కనుండే క్యాష్ డిపాజిట్ మెషీన్ నోట్లే తీసుకుంటుంది. 2023లో రిజర్వ్ బ్యాంక్ 12 నగరాల్లో ప్రయోగాత్మకంగా పెడతామన్న క్యూఆర్ కోడ్ యంత్రాలు చిల్లర ఇచ్చేవే కానీ పుచ్చుకునేవి కావు. కాబట్టి మనుషులే లెక్కపెట్టాలి, ఆ లెక్క మీరే చేసిపెడితే పని జరుగుతుంది.

ఎంత ఉందో ముందే అంచనా కావాలంటే వంటింటి తూకం చాలు. కిలో పది రూపాయల బిళ్లలంటే దాదాపు 1,290 రూపాయలు. పసుపు రంగు ఐదు రూపాయల బిళ్లలైతే కిలోకి 740 నుంచి 830. రూపాయి బిళ్లలు మాత్రం ఏ కాలంవన్నదాన్ని బట్టి కిలోకి 206 నుంచి 324 దాకా మారతాయి. రూపాయలు, పసుపు ఐదులు, పదులు తలా రెండు కిలోలు ఉన్న ఆరు కిలోల డబ్బాలో సుమారు 4,500 నుంచి 4,900 రూపాయలు ఉంటాయన్నమాట. ఆటో పెట్టుకుని బ్యాంకుకు వెళ్లినా గిట్టుబాటే.

ఇక వేరు చెయ్యడం. నేల మీద పాత దుప్పటి పరిచి మొత్తం కుమ్మరించండి. గల్లగురిగి (మట్టి హుండీ) అయితే గోనెసంచిలో పెట్టి పగలగొట్టండి, పెంకులు కలిసిపోవు. మొదట రెండు రంగులున్నవి ఏరండి, అవి పదులు, ఇరవైలు. ఇరవై రూపాయల బిళ్ల గుండ్రంగా కాకుండా పన్నెండు పలకలతో ఉంటుంది, వేలికి తెలిసిపోతుంది. తర్వాత పసుపు ఐదులు. మిగిలిన తెల్లబిళ్లల దగ్గరే అందరూ పొరపడతారు. 2011లో వచ్చిన రెండు రూపాయల బిళ్ల అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు. అంతకు ముందున్న స్టీలు రూపాయి బిళ్లదీ (ధాన్యపు కంకుల బొమ్మది, బొటనవేలు ఎత్తిన చెయ్యి బొమ్మది) సరిగ్గా అదే కొలత, అదే బరువు. రెండూ ఒకదానిమీద ఒకటి పెడితే అంచు కూడా తేడా రాదు. 2019 తర్వాత వచ్చిన రెండు రూపాయల బిళ్ల 23 మిల్లీమీటర్లకు తగ్గి, 2011 నాటి రూపాయికి (దాదాపు 22) దగ్గరగా వచ్చేసింది. అందుకని తెల్లబిళ్లలను సైజు చూసి వేరు చెయ్యొద్దు. ఒక్కొక్కటీ తిప్పి అంకె చదవాల్సిందే. పిల్లలకు ఈ పని అప్పజెప్పేటట్టయితే ఈ ఒక్క మాటా తప్పకుండా చెప్పండి. తెల్లవాటిలోనే పాత ఐదులూ ఉంటాయి. మందంగా, 9 గ్రాముల బరువుండే ఆ బిళ్ల ఇప్పటికీ చెల్లుతుంది, పక్కన పడెయ్యకండి.

పూజగదిలో పెట్టినవైతే పసుపు, కుంకుమ, నూనె పట్టి జిగురుగా ఉంటాయి. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, చిల్లుల గిన్నెలో వేసి కడిగి, నూలుగుడ్డ మీద ఆరబెట్టండి. రెండు రంగుల బిళ్లల అతుకులో తడి నిలుస్తుంది కనుక వాటిని పూటంతా వదిలెయ్యండి. తడివి ప్యాక్ చేస్తే అంటుకుపోతాయి, తూకమూ తప్పుతుంది. యాసిడ్, గరుకు కాగితం జోలికి మాత్రం పోవద్దు. 2011 నాణేల చట్టం ప్రకారం రూపు చెడని, బరువు తగ్గని బిళ్లకే చెల్లుబాటు. మెరిపించబోయి చెల్లనిదిగా చేసుకున్నట్టవుతుంది. బొందుకి కట్టడానికి చిల్లు పొడిచిన బిళ్లలు కూడా ఇదే కారణంగా బ్యాంకుకిచ్చే సంచుల్లో పెట్టకండి.

లెక్క ఇలా పెట్టండి: పదేసి బిళ్లల దొంతరలు పది. అంటే వంద. ఒక దొంతర ఎత్తు చూసి మిగతావి లెక్కపెట్టకుండా సరిపెట్టడం పొరపాటు, ఎందుకంటే ఒకే విలువ బిళ్లలైనా రకాన్ని బట్టి మందం మారుతుంది. వంద బిళ్లలను పారదర్శకమైన పాలిథిన్ కవర్లో వేసి రబ్బరు బ్యాండుతో బిగించండి. స్టేపుల్ కొట్టొద్దు, క్యాషియర్ విప్పి చూసి మళ్లీ కట్టుకోగలగాలి. పది రూపాయలవి వంద కలిస్తే 770 గ్రాములు దాటుతాయి, పలచటి కవరు దారిలోనే చిరుగుతుంది, రెండు కవర్లు వెయ్యండి. లోపల ఒక చీటీ: ఏ విలువ, ఎన్ని బిళ్లలు, మొత్తం ఎంత, మీ పేరు, ఖాతా నంబరు. వంద చొప్పున ఎందుకంటే, రూపాయి, రెండు రూపాయల బిళ్లలను వందేసి పాలిథిన్ కవర్లలో తీసుకుంటే ఇద్దరికీ సులువని రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకు రాసింది. ఆ కవర్లు కౌంటర్ల దగ్గర ఉంచమని కూడా అందులోనే ఉంది. తూచి తీసుకోవచ్చనీ చెప్పింది.

తూకంతో సరిచూసుకోవాలంటే కవర్లో ఒకే రకం ఉండాలి. 2011 రకం రూపాయి బిళ్లలు వంద 379 గ్రాములు, 2019 రకం వంద 309, పాత పెద్ద రూపాయలు వంద 485. రకాలు కలిస్తే తూకం ఏమీ చెప్పదు. ఒకటి తక్కువైతే మూడు నాలుగు గ్రాముల తేడా తెలియాలి కాబట్టి గ్రాము దాకా చూపే డిజిటల్ తూకం వాడండి. కూరగాయలకు వాడే ముల్లు తూకం దీనికి పనికిరాదు.

ఇప్పుడు ఏది ఎక్కడికి. రూపాయి, రెండు, పసుపు ఐదులు ముందు కొట్లకు ఇవ్వండి: పాల బూత్, టిఫిన్ సెంటర్, మందుల షాపు, జిరాక్స్ కొట్టు. ఫోన్‌పే, గూగుల్ పే వచ్చాక చిల్లర అవసరం తగ్గింది కానీ పోలేదు. పొద్దున్నే పాలు, ఇడ్లీ అమ్మేవాళ్లకు ఐదులు కావాలి. ఒకరోజు ముందు వెళ్లి ఏ బిళ్లలు, ఎన్ని కావాలో అడగండి. వాళ్ల ఎదుటే ఒక కవరు విప్పి లెక్కచూపి, డబ్బు మీ ఫోన్‌కి వచ్చిన మెసేజ్ చూశాకే మిగతావి అప్పజెప్పండి. రద్దీ వేళ వెళ్లొద్దు, లెక్క సరిచూసే ఓపిక వాళ్లకుండదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, రూపాయి, ఆపై విలువ బిళ్లలకు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల వరకే చట్టబద్ధమైన చెల్లుబాటు. అర్ధరూపాయిలకైతే పది రూపాయల వరకే. అంతకు మించి వద్దనే హక్కు కొట్టువాళ్లకుంది.

పది రూపాయల బిళ్లలు నేరుగా బ్యాంకుకే. అవి చెల్లవన్న పుకారు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బలంగా పాతుకుపోయింది, చేతికష్టం మీద బతికే చిన్న వ్యాపారులే దానివల్ల ఎక్కువ నష్టపోతున్నారు. నిజానికి 14 డిజైన్లలో వచ్చినవన్నీ చెల్లుతాయని, రూపాయి గుర్తు ఉన్నా లేకపోయినా తేడా లేదని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలో ప్రకటించింది, సమాచారం కోసం 14440 నంబరూ పెట్టింది. అర్ధరూపాయి బిళ్లలు కూడా ఇంకా చెల్లుతాయి. కొట్లలో తీసుకోరు కనుక బ్యాంకు సంచిలోకే.

బ్యాంకుల్లో మీ ఖాతా ఉన్న శాఖకే వెళ్లండి. అదే బ్యాంకుకు ఊళ్లో కరెన్సీ చెస్ట్ (రిజర్వ్ బ్యాంక్ తరఫున నోట్లు, చిల్లర దాచి ఉంచే ఖజానా) ఉన్న శాఖ ఉంటే ఇంకా మేలు, చిల్లర నిల్వ చెయ్యడం అక్కడ రోజూ జరిగే పని. పింఛన్లు, జీతాల రద్దీ ఉండే నెల మొదటి పదిరోజులూ, సోమవారాలూ, సెలవు మర్నాడూ వద్దు. రెండో, నాలుగో శనివారాలు ఎలాగూ మూసే ఉంటాయి. నెల మధ్యలో మంగళ, బుధ, గురువారాల్లో ఒకరోజు ముందు వెళ్లి, ఎన్ని కవర్లు తెస్తున్నారో, ఏ వేళకు రమ్మంటారో మేనేజరునో హెడ్ క్యాషియరునో అడిగి రండి. ఒకేసారి ఆరు కిలోలు దించేకంటే రెండు విడతలుగా ఇస్తే కౌంటర్లో అభ్యంతరం తక్కువ. నోట్లు చేతికి ఇమ్మని అడక్కుండా ఖాతాలో జమ చెయ్యమనండి, వాళ్లకు ఒక పనే మిగులుతుంది. స్లిప్పులో కాయిన్స్ అన్న వరుసలో మొత్తం రాసి, వెనకవైపు విలువలవారీగా విడదీసి రాయండి. లెక్క పూర్తయి ముద్ర వేసిన కౌంటర్‌ఫాయిల్ చేతికి వచ్చేదాకా అక్కడినుంచి కదలొద్దు. తర్వాత వచ్చి నాలుగు బిళ్లలు తగ్గాయంటే తేల్చేవాళ్లుండరు. కొన్ని బ్యాంకులు చిల్లర జమకు రుసుము వేస్తాయి, సర్వీస్ చార్జీల పట్టీ ముందే చూసుకోండి.

వేరు చేసేటప్పుడు ఏ సంచిలోకీ చేరనివి కొన్ని మిగులుతాయి. పావలా, ఇరవై పైసలు, పది పైసలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు, బ్యాంకులోనూ మార్చరు. విదేశాల నుంచి పిల్లలు తెచ్చిన సెంట్లు, దిర్హమ్ బిళ్లలు మనీ చేంజర్లు సాధారణంగా తీసుకోరు, వాళ్లకు నోట్లే కావాలి. మళ్లీ అటు వెళ్లేవాళ్ల చేతికివ్వడమే దారి. 2023లో విడుదలైన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం లాంటివి టంకశాల ముఖవిలువకంటే ఎక్కువకే అమ్మింది, వాటిని బ్యాంకులో వెయ్యకండి. బిళ్ల మీద వేసిన సంవత్సరపు అంకెల దిగువన చిన్న నక్షత్రం కనిపిస్తే అది హైదరాబాద్ టంకశాల ముద్ర. అంతమాత్రాన దానికి ఎక్కువ ధర రాదు, మన దగ్గర ప్రతి డబ్బాలోనూ అవి బోలెడుంటాయి. ఫలానా బిళ్ల ఉంటే లక్షలిస్తామంటూ వచ్చే ప్రకటనలను అసలు నమ్మొద్దు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజనో పన్ననో కట్టించుకోవడమే వాళ్ల పని. తన పేరు చెప్పి కమీషన్ అడిగేవాళ్లతో తనకు సంబంధం లేదని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ హెచ్చరించింది కూడా.

ఇంత సిద్ధం చేసుకెళ్లినా వద్దంటే, గొడవపడకుండా తీసుకోబోమన్న మాటను రాసిమ్మనండి. చిల్లర జమకు బ్యాంకుల్లో పరిమితి లేదని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది కాబట్టి అలా రాసివ్వడానికి సాధారణంగా వెనకాడతారు. వేరే వేళకు రమ్మంటే మాత్రం ఒప్పుకోండి, అది తిరస్కారం కాదు. రోజులు గడిచినా తిప్పుతూనే ఉంటే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి శాఖ పేరు, తేదీ, బిళ్లల మొత్తం రాసి పంపి, ఫిర్యాదు నంబరు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. వకీలు అక్కర్లేదు. ఆ దరఖాస్తులో మొదటి ఫిర్యాదు నంబరు అడుగుతారు, అందుకే బ్యాంకుకు రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే వెనక్కి పంపేస్తారు.