మూసీలో వల వేసే ముందు

చిరంజీవి మేనకోడలికి,

అత్త ఆశీస్సులు. నీ ప్రాజెక్టు సంగతి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. శుద్ధి చేసిన మురుగునీరు మూసీలో కలిసే చోట నీటి పురుగులను లెక్కపెడతావట. సంతోషం. అంబర్‌పేట ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీళ్లు కలిసే చోటికి పైన ఒక పాయింట్, కింద ఒక పాయింట్ అనుకున్నావని కూడా అన్నాడు. నాకు బెంగంతా అక్కడే.

పుస్తకాల్లో పైన తేట వాగు, మధ్యలో ప్లాంటు, కింద పాడైన వాగు ఉంటాయి. మన మూసీ అంబర్‌పేట చేరేలోపే నగరం నాలాలన్నీ మోసుకొస్తుంది. నీ పై పాయింట్‌లో ఉన్నదే పచ్చి మురుగు. దాని పక్కన ప్లాంటు నీళ్లు మేలనిపిస్తాయి. కింద రెండు రకాలు ఎక్కువ దొరగ్గానే "నది బాగుపడింది" అని రాసేస్తావు. అబద్ధం కాదు గానీ, సగం మాట. అసలు ఏ పురుగులు ఉండాలో తెలియాలంటే వికారాబాద్ వెళ్లు. మూసీ పుట్టిన అనంతగిరి వైపు వానలు తగ్గాక పారే రాళ్ల వాగులో మూడో పాయింట్ పెట్టుకో.

అక్కడ ఒక రాయి తిరగేసి కళ్లకు దగ్గరగా పట్టుకో. అగ్గిపుల్ల తల కంటే కాస్త పెద్దగా, మూడు సన్నని తోకలతో ఒకటి పక్కకు జరుగుతుంది. అది మేఫ్లై అనే కీటకం పిల్ల. తెల్ల ట్రేలో నీళ్లు పోసి వదిలితే పొట్టకు రెండు పక్కలా ఆకుల్లాంటి మొప్పలు ఆడించడం కనిపిస్తుంది. ఇసుక రేణువులు అంటించి కట్టుకున్న గొట్టం నడిచిపోతుంటే అది కాడిస్ పురుగు. వీటిలో చాలా రకాలకు ఆక్సిజన్ నిండా ఉన్న నీళ్లు కావాలి.

ఎస్టీపీ దిగువన ట్రే మరోలా ఉంటుంది. బురద కడగ్గానే ఎర్రటి పురుగులు మెలికలు తిరుగుతాయి. అక్వేరియం షాపుల్లో చేపల మేతగా అమ్మే బ్లడ్‌వర్మ్స్ జాతివే. మన రక్తంలోలాగే వాటిలోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆక్సిజన్ తక్కువైనా బతుకుతాయి. నా మొదటి సర్వేలో వందలకొద్దీ లెక్కపెట్టి "జీవం సమృద్ధి" అని రాశాను. మా గైడ్ చదివి "ఎన్ని ఉన్నాయో సరే, ఎన్ని రకాలమ్మా?" అన్నారు. రెండే. ఏవి దొరకలేదో ఆ జాబితా కూడా రాసుకో.

రాళ్ల వాగునీ బురదనీ పోలిస్తే తేడా నీటిదో నేలదో తేలదు. మూడు చోట్లా ఒకే సైజు గులకరాళ్లు నింపిన బుట్టలు తాడుతో కట్టి దించు. ఐదారు వారాల తరువాత తీసి చూడు. నగరం దాటాక ఒడ్డున పశువుల మేతకు పారాగడ్డి కోసే రైతులుంటారు, వాళ్లకు ముందే చెప్పు. లేకపోతే బుట్ట చెత్త అనుకుని ఒడ్డుకి గిరాటేస్తారు. ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూడు వారాలు ఆగు. వరద పురుగుల్నీ ఈడ్చుకుపోతుంది.

ల్యాబు చీటీలో బీఓడీ (నీటిలోని మలినాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ లెక్క) బాగుందని పొంగిపోకు. 2017లో కేంద్రం ఎస్టీపీలకు పెట్టిన ప్రమాణాల్లో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి), బీఓడీ, తేలే ఘనపదార్థాలు, మలసంబంధ బ్యాక్టీరియా ఉన్నాయి. అమ్మోనియా లేదు. పురుగులకు అదే పెద్ద టెన్షన్. మధ్యాహ్నం ఎండకు నాచు పనిచేసి పీహెచ్ పెంచుతుంది. అప్పుడు నీటిలో అంత హాని చేయని అమ్మోనియం రూపంలో ఉన్నదాంట్లో కొంత విషపూరితమైన అమ్మోనియాగా మారుతుంది, నీరు వేడెక్కేకొద్దీ మరీనూ. రాత్రంతా అదే నాచు ఆక్సిజన్ తాగేస్తుంది. కాబట్టి పీహెచ్, ఉష్ణోగ్రత మధ్యాహ్నం రెండింటికి, ఆక్సిజన్ తెల్లవారకముందే చూడు. పదకొండింటికి తీరిగ్గా వెళ్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

మందుల అవశేషాల జోలికి ఈ ఏడాది పోకు. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో, శుద్ధి అయ్యాక కూడా, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. నీకూ ఆసక్తి ఉంటుందని తెలుసు. కానీ ఆ పరీక్షల ఖర్చుకు నీ స్టైపెండ్ చాలదు.

గమ్‌బూట్లు, మోచేతి దాకా గ్లౌజులు లేకుండా దిగకు. ఎలుక జ్వరం వస్తే ప్రాజెక్టు కాదు, సెమిస్టరే పోతుంది. సీసాలో 70 శాతం ఆల్కహాల్ పోసి, లేబుల్ పెన్సిల్‌తో రాసి లోపలే వెయ్యి. నేను ఒకసారి బాల్‌పెన్‌తో రాశాను. నెల తరువాత తెరిస్తే పన్నెండు సీసాల్లో నీలం నీళ్లు, పన్నెండు తెల్ల కాగితాలు.

ఇట్లు,
మీ అత్త