మీటరు నాన్న పేరున, సోలారు దరఖాస్తు కొడుకు పేరున

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఇంటి మీద 3 కిలోవాట్ల సోలారు పెట్టించాలనుకుంటున్నాం. కరెంటాఫీసు పర్మిషనుకే నెల పడుతుందని, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు నిండితే తిప్పి పంపుతారని అంటున్నారు. మీటరు మా నాన్నగారి పేరున ఉంది. ఆయన పోయి ఆరేళ్లయింది.

జవాబు: పర్మిషను భయం వదిలేయండి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను కేంద్రం 2024 ఫిబ్రవరి 22న సవరించింది. దాని ప్రకారం 10 కిలోవాట్ల వరకు ఇంటి సోలారుకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు. దరఖాస్తులో లోపం లేకుంటే ఆమోదించినట్టే లెక్క. మంజూరైన లోడు చాలకపోతే పెంచాల్సింది డిస్కమే, అంటే కరెంటు పంపిణీ సంస్థే. 5 కిలోవాట్ల వరకు, అవసరమైతే ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా, లైనును బలపరిచే ఖర్చు కూడా డిస్కమ్‌దే. ట్రాన్స్‌ఫార్మర్ నిండిందని నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి, రాసివ్వమని అడగండి.

మీ పని ఆగేది పేరు దగ్గర. ఇంటి సోలారుకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం పోర్టల్‌లో సర్వీసు నంబరు కొట్టగానే నాన్నగారి పేరే వస్తుంది. ఆధార్, బ్యాంకు ఖాతా మీవి. ఈ మూడూ కలవకపోతే ప్యానెళ్లు బిగించాక సబ్సిడీ ఆగుతుంది, అప్పుడు సరిచేయడం రెట్టింపు పని. అందుకే దరఖాస్తు కంటే ముందే సెక్షన్ ఆఫీసులో పేరు మార్పుకు పెట్టండి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సమ్మతి పత్రం దగ్గర పెట్టుకోండి. పాత బకాయి రూపాయి ఉన్నా కట్టేయండి. కొత్త పేరుతో బిల్లు చేతికొచ్చాకే పోర్టల్ తెరవండి.

3 కిలోవాట్లకు సబ్సిడీ 78,000 రూపాయలు. 2 కిలోవాట్లకైతే 60,000. అంతకంటే పెద్దది పెట్టినా 78,000 దాటదు. ప్యానెళ్లలోని సెల్స్ కూడా దేశంలో తయారైనవే అయితేనే ఇది వస్తుంది. బిల్లు మీద ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరు రాయించుకుని, మేడెక్కి ఒక్కొక్కటీ సరిచూసుకోండి.

బిగింపు పూర్తయిన ధ్రువపత్రం డిస్కమ్‌కు ఇచ్చిన రోజు నుంచి 15 రోజుల్లో ఒప్పందం, నెట్ మీటరు (మీరు వాడిన కరెంటునూ, లైనుకు ఇచ్చిన కరెంటునూ లెక్కించే మీటరు) బిగింపు, కమిషనింగ్ (సోలారును లైనుకు కలిపి నడిపించడం) అయిపోవాలి. ఆ పత్రం ఇచ్చేశామని కంపెనీ మనిషి చెబితే సరిపోదు, తేదీతో ఉన్న రసీదు మీ దగ్గర ఉండాలి. గడువు దాటితే 1912కు ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రసీదు లేనివారి మాట ఎక్కడా నిలవదు.

మా అభిప్రాయం ఒకటుంది. పేరు మార్పు, సోలారు దరఖాస్తు ఒకే బల్ల దగ్గర తీసుకునేలా నెలకోసారి మండల కేంద్రంలో శిబిరం పెడితే సగం చిక్కులు అక్కడే తీరతాయి. చనిపోయినవారి పేరున నడుస్తున్న మీటర్లు మన ఊళ్లలో తక్కువేం లేవు.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర పల్లె మాది. పంచాయతీ నుంచి అనుమతి పత్రం తేవాలా?

జవాబు: పోర్టల్ దరఖాస్తులో పంచాయతీ కాగితం గానీ మున్సిపాలిటీ కాగితం గానీ అడగరు. అయితే ఫ్రేము ఎత్తుగా లేపి, కింద గోడలు కట్టి గది చేస్తే అది కొత్త కట్టడమే, దానికి అనుమతి కావాలి. అపార్టుమెంటు పైకప్పు అందరిదీ కనుక మిగతావాళ్ల సమ్మతి రాతలో తీసుకోండి.

ప్రశ్న: దేవరకొండలో తనిఖీకి వచ్చినవారు ఎర్తింగ్ బాగాలేదని వెనక్కి వెళ్లారు. ఏం చేయాలి?

జవాబు: ప్యానెళ్ల వైపు (డీసీ) కరెంటుకు ఒకటి, ఇంటి వైపు (ఏసీ) కరెంటుకు ఒకటి, పిడుగు నిరోధకానికి ఒకటి, మూడు ఎర్త్ గుంతలు విడివిడిగా ఉండాలి. పని తగ్గించుకోవడానికి మూడు తీగలనూ ఒకే గుంతలో కలిపేసేవారున్నారు. అలా చేస్తే పిడుగు పడ్డప్పుడు ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె) పోయే ప్రమాదం ఉంది. మీది రాతి నేల, ఎండాకాలం తేమ ఉండదు, కాబట్టి నిరోధం పెరుగుతుంది. గుంత లోతుగా తవ్వించి, రాడ్డు చుట్టూ ఎర్తింగ్ పౌడర్ పోయించి, మీటరుతో కొలిపించండి. 5 ఓమ్‌ల లోపు రావాలి. ఆ రీడింగును ఫొటో తీసి పెట్టుకుని మళ్లీ తనిఖీకి పిలవండి.

ప్రశ్న: గృహజ్యోతిలో మాకు జీరో బిల్లు వస్తోంది. సోలారు పెట్టించాలా?

జవాబు: నెలకు 200 యూనిట్ల లోపే వాడుతూ బిల్లే కట్టని ఇంటికి సోలారుతో ఇప్పుడు మిగిలేదేమీ లేదు. అప్పు చేసి పెట్టించకండి. చల్లదనానికి ఏసీ కొని ఎండాకాలంలో 200 దాటడం మొదలైతే అప్పుడు 2 కిలోవాట్లతో లెక్క వేసుకోండి.